కృత్రిమ మేధయు వైద్యుని విద్యయు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపులు మూయక నిలుచుట సామాన్యమైన విషయము కాదు. పండిన ధాన్యమునకు గాదె ఎట్లో, కురిసిన నీటికి చెరువు ఎట్లో, పెద్దలు కూడబెట్టిన తెలివికి గ్రంథాలయము అట్టిది. అయితే ఈ కాలమున తెలివిని నిలువచేయుటయే కాక, అడిగిన ప్రశ్నకు తడువుకొనక జవాబు చెప్పు యంత్రములు కూడ వచ్చినవి. చేతిలోని ఫోనును అడిగినచో క్షణములో సమాధానము వచ్చుచున్నది. దీనినే కృత్రిమ మేధ అనుచున్నారు. ఇది వచ్చిన నాటినుండి ఇంటింటను ఒక సందేహము బయలుదేరినది. ఇక వైద్యుడెందుకు? న్యాయవాది ఎందుకు? అప్పుచేసి పిల్లవానిని ఏండ్లతరబడి చదివించుట ఎందుకు?

అన్ని వృత్తులకును కలిపి ఒక్కమాటలో సమాధానము చెప్పబూనుట వ్యర్థము. ఒక్క వృత్తిని, అందును ఒక్క వ్యాధిని తీసికొని, అచ్చట యంత్రము చేయగలిగినదేమో, మనుష్యుడు చేయవలసినదేమో పరిశీలించినచో విషయము తేటపడును. ఆ వ్యాధి పల్లెలకు తెలియనిది కాదు. అది మధుమేహము, అనగా షుగరు వ్యాధి, వలన కంటికి కలుగు హాని.

వ్యాధి స్వభావము

భారత వైద్య పరిశోధన మండలివారి పూనికతో దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వానినిబట్టి ఈ దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. ఒకప్పుడు ఇది పట్టణములలోని ధనికుల వ్యాధి అనుకొనెడివారు. నేడు నాగలి పట్టినవానిని, నాట్లు వేసిన ఆమెను కూడ ఇది విడుచుట లేదు.

కంటి వెనుకభాగమున రెటీనా అను పలుచని తెర కలదు. కనుపాపగుండ లోనికి వచ్చిన వెలుతురు ఈ తెరపై పడినప్పుడే చూపు కలుగును. దీనికి రక్తమునందించు సన్నని నాళములు, ఒంటిలో చక్కెర మితిమీరి ఏండ్లు గడచినకొలది చెడిపోవును. మొదట అవి అచ్చటచ్చట ఉబ్బును. పిదప వానినుండి రక్తము, నీరు స్రవించును. వ్యాధి ముదిరినపుడు బలములేని క్రొత్త నాళములు మొలచి, పగిలి, కంటిలోపల రక్తము నిండును.

ఈ వ్యాధిలోని మోసమేమనగా, చాలకాలము రోగికి ఏమియు తెలియదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు తగ్గదు. చూపు మసకబారినదని వైద్యునియొద్దకు వచ్చునప్పటికి జరుగవలసిన హాని చాలవరకు జరిగిపోయి యుండును. ముందుగ కనిపెట్టినచో చక్కెరను, రక్తపుపోటును అదుపులోనుంచి, అవసరమునుబట్టి లేజరు కిరణములచేతను, కంటిలో వేయు ఇంజక్షనులచేతను చూపును కాపాడవచ్చును. పోయిన చూపును మరల తెచ్చుట మిక్కిలి కష్టము. కావుననే షుగరు ఉన్నవారు సంవత్సరమునకు ఒకమారైనను రెటీనాను పరీక్ష చేయించుకొనవలయునని వైద్యులు చెప్పుదురు.

కాని 10 కోట్లమంది కండ్లను ఏటేట చూచుటకు నిపుణులు ఎచ్చట దొరకుదురు? ఉన్నవారిలో పెక్కుమంది పట్టణములలోనే ఉన్నారు. ఒక రోజు కూలి మానుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని, నొప్పిలేని కంటిని చూపించుకొనుటకు పట్టణమునకు పోవువారు ఎందరు? ఈ కొరతయే యంత్రమునకు త్రోవ చూపినది.

యంత్రమునకు గురువులెవరు?

రెటీనా ఫోటోను చూచి ఈ వ్యాధిని గుర్తుపట్టు కృత్రిమ మేధనుగూర్చి గూగులు సంస్థ పరిశోధకులు 2016లో అమెరికా వైద్య సంఘమువారి పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. యంత్రమునకు శిక్షణ నిచ్చుటకు 1,28,175 ఫోటోలను వాడిరి. వానిలో కొన్ని అమెరికానుండి వచ్చినవి. కొన్ని ఈ దేశములోని అరవింద కంటి ఆసుపత్రి, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయల నుండి వచ్చినవి. పరీక్షకు నిలిపినప్పుడు ఆ యంత్రము నేత్రవైద్యుల నిర్ణయములకు ఇంచుమించు సరితూగినది. ఈ వార్త లోకమంతట ప్రాకినది. ఆ వ్యాసములోని మరియొక విషయము మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు.

ఆ యంత్రము తనంతట తాను నేర్చుకొనలేదు. నేత్రవైద్యులును, నేత్రవైద్య విద్య ముగింపు దశలోనున్న వారును కలిసి 54 మంది ఆ ఫోటోలను చూచిరి. ఒక్కొక్క ఫోటోను ముగ్గురు మొదలు ఏడుగురు వరకు చూచి, వ్యాధి లేదనియో, ఉన్నచో ఇది ఈ దశ యనియో గుర్తులు వేసిరి. యంత్రము ఆ గుర్తులను చూచి నేర్చినది. కావున ఆ పెట్టెలోనున్న తెలివి ఆ వైద్యులు వేలకొలది కండ్లను చూచి ఆర్జించిన తెలివియే. చెరువులోని నీరు చెరువుదే యనుకొన్నచో, పైనున్న కొండను వాగును మరచినట్లగును.

ఒక్క ఫోటోను అంతమందికి చూపవలసిన అగత్యమేమి? నిపుణులలోనే అభిప్రాయభేదములు ఉండును గనుక. ఒకరు స్వల్పమన్నదానిని వేరొకరు మధ్యమమనవచ్చును. ఇద్దరు నిపుణులు భేదించినచోట వారు కూర్చుండి, కారణములు చెప్పుకొని, ఒక నిశ్చయమునకు రాగలరు. వైద్యశాస్త్రము పెరుగునది ఆ వాదములలోనే. యంత్రము దానిని పుచ్చుకొనగలదేగాని, దానిని పుట్టించినది వైద్యుని విద్య.

నూటికి ఎనుబదియేడు

2018 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ నియంత్రణ శాఖవారు ఐడిఎక్స్-డిఆర్ అను యంత్రమునకు అనుమతి నిచ్చిరి. ఫోటోను వైద్యుడు చూడకయే ఫలితము చెప్పుటకు అధికారము పొందిన మొదటి యంత్రమిది. 10 చోట్ల 900 మంది రోగులపై దీనిని పరీక్షించిరి. వ్యాధి స్వల్పదశను దాటినవారిలో నూటికి 87 మందిని యంత్రము పట్టుకొన్నది. అట్లు దాటనివారిలో నూటికి సుమారు 90 మందినిగూర్చి సరిగా చెప్పినది.

దీనిని తక్కువగా చూడరాదు. అడిగెడి దిక్కు లేనిచోట నూటికి 87 మంది వ్యాధిని కనిపెట్టుట గొప్ప ఉపకారము. యంత్రమును నిందించువారు ఈ మేలును కూడ లెక్కలోనికి తీసికొనవలయును. అయినను మిగిలిన 13 మంది కూడ ఒక తల్లి బిడ్డలే. వారికి “నీకు భయము లేదు” అని చెప్పి పంపినచో, వారు నిశ్చింతగ ఇంటికి పోయి, తిరిగి కండ్లను తలచుకొనరు.

ఆ అనుమతిలోనే కొన్ని హద్దులు కూడ చెప్పబడినవి. లోగడ కంటికి లేజరు చికిత్సగాని, శస్త్రచికిత్సగాని, ఇంజక్షనుగాని జరిగినవారిని ఈ యంత్రముచే పరీక్షింపరాదు. చూపు మసకబారినవారిని, కంటిముందు నలుసులు తేలుచున్నట్లు కనుపించువారిని కూడ దీనికి అప్పగింపరాదు. వారిని నేరుగ వైద్యుడు చూడవలయును. అంతేకాదు, దీనికి నేర్పినది మధుమేహమువలన కలుగు రెటీనా వ్యాధి ఒక్కటియే. శుక్లములు, నీటికాసులు మొదలగు ఇతర వ్యాధులు దీనికి పట్టవు. వైద్యునియొద్దకు ఒక వ్యాధికై పోయినవాడు, అతడు మరియొక వ్యాధిని కూడ చూచి చెప్పుటచే బ్రతికి బయటపడిన సందర్భములు ప్రతి ఊరివారికిని తెలిసినవే.

పరిశోధనశాల వేరు, పల్లె వేరు

ఈ విధమైన యంత్రమును థాయిలాండు దేశములోని 11 వైద్యశాలలలో 2018–2019లలో వాడి చూచిరి. ఆ దేశమున సుమారు 45 లక్షలమంది మధుమేహ రోగులకు రెటీనా నిపుణులు 200 మంది మాత్రమే. ఫోటోను నిపుణునికి పంపి ఫలితము పొందుటకు ఒక్కొక్కప్పుడు 10 వారములు పట్టెడిది. యంత్రమువలన ఆ పని నిమిషములలో తీరునని ఆశించిరి. కాని వైద్యశాలలలో జరిగినది కొంత వేరు. ఫోటో తీయుటకు చీకటి గది కావలయును. అన్నిచోట్లను అట్టి గది లేదు. మొదటి ఆరు నెలలలో యంత్రమునకు చూపిన 1,838 ఫోటోలలో నూటికి 21 వంతులు స్పష్టముగ లేవని యంత్రము త్రోసివేసినది. త్రోసివేయబడిన ప్రతివాడును దూరమున నున్న ఆసుపత్రికి పోయి నిపుణుని చూడవలసి వచ్చినది. ఇంటర్నెట్టు మందగించినచోట ఒక్కొక్క ఫోటోకు నిమిషమునకు పైగా వేచియుండవలసి వచ్చినది. ఒకచోట అది రెండు గంటలు ఆగిపోగా, 200 మందికి జరుగవలసిన పరీక్ష 100 మందికే జరిగినది.

ఈ లోపములను కనిపెట్టి, రోగులకు నచ్చజెప్పి, పని నడిపినవారు అచ్చటి నర్సులు. ఏ రోగి దూరప్రయాణము చేయగలడో, ఏ రోగికి వరుసలో నిలుచుటకు ఓపిక లేదో వారికి తెలియును. ఆ సంగతులు ఏ ఫోటోలోను కనుపింపవు. ఈ అనుభవమును పరిశీలించినవారు 2020లో దానిని ప్రకటించి, యంత్రమును తయారుచేయునపుడే దానిని వాడవలసినవారితో సంప్రతింపవలయునని తేల్చిరి.

లెక్కలో కనుపింపని కారణము

యంత్రమునకు లెక్క తెలియునుగాని, లెక్కవెనుకనున్న కారణము తెలియకపోవచ్చును. ఇందుకు కండ్ల వ్యాధిని విడిచి, ఊపిరితిత్తుల వ్యాధినుండి ఒక ఉదాహరణము చూడదగినది. 1990 దశకమున అమెరికాలో న్యుమోనియా రోగులలో ఎవరికి ప్రాణాపాయము ఎక్కువయో చెప్పుటకు యంత్రములకు పాత ఆసుపత్రి లెక్కలతో శిక్షణ నిచ్చిరి. ఆ లెక్కలనుండి ఒక విచిత్రమైన సూత్రము బయటపడినది. ఉబ్బసము ఉన్నవారికి న్యుమోనియా వచ్చినచో వారికి అపాయము తక్కువ యని దాని సారాంశము.

ఉబ్బసమువానికి న్యుమోనియా వచ్చినచో అపాయము మరింత ఎక్కువ యని వైద్యుడెవ్వడైనను చెప్పును. మరి లెక్క ఎట్లు తారుమారైనది? అట్టి రోగి వచ్చినప్పుడు వైద్యులు అపాయమును ఎరిగి, వెంటనే చేర్చుకొని, ఎక్కువ శ్రద్ధతో చికిత్స చేసెడివారు. ఆ శ్రద్ధవలననే వారిలో మరణములు తగ్గినవి. యంత్రము ఫలితమును చూచినది. దాని వెనుకనున్న వైద్యుని శ్రద్ధను చూడలేదు. దాని మాట విని ఉబ్బసమువారిని ఇంటికి పంపినచో ఏమి జరిగియుండెడిదో ఊహింపవచ్చును. ఆ సూత్రములోని పొరపాటును పట్టినది మనుష్యులే. పట్టగలిగినది తమ విద్య తమకు తెలిసియుండుటచేతనే.

ఎవరు జవాబుదారి?

వృత్తి నైపుణ్యమునందు తెలివితోపాటు పూచీ కూడ ఇమిడియున్నది. 2023లో న్యూయార్కు నగరమున ఒక వ్యాజ్యమునందు న్యాయవాదులు చాట్‌జీపీటీ అను కృత్రిమ మేధ నడిగి, పూర్వపు తీర్పులను ఉదాహరించుచు న్యాయస్థానమునకు పత్రము దాఖలు చేసిరి. విచారింపగా అందులో ఆరు తీర్పులు అసలు లేనివే. యంత్రము పేర్లతో సహా వానిని కల్పించినది. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించెను. ఆ జరిమానా యంత్రముపై పడలేదు. సరిచూడక సంతకము చేసినవారిపై పడినది.

వైద్యమునందును అంతే. మందుచీటిపై సంతకము చేయువాడు తన పేరును, తన పట్టాను, తన ఊరిలోని మర్యాదను పణముగ పెట్టుచున్నాడు. తప్పు జరిగినచో అతని తలుపు తట్టవచ్చును, కారణమడుగవచ్చును, న్యాయస్థానమునకు పిలువవచ్చును. ఫోనులో జవాబు చెప్పిన యంత్రమునకు ఈ భయము లేదు, బాధ్యత లేదు. అది తెలిసిన సంగతిని, తెలియని సంగతిని ఒకే గొంతుతో చెప్పును. “నాకు తెలియదు, పై వైద్యునియొద్దకు పొండు” అని చెప్పగల వైద్యుని మాట అంతకంటె విలువైనది.

ఫలితము చెప్పుట ఒకటి, చికిత్సకు ఒప్పించుట వేరొకటి. కంటిలో సూది యనగానే ముసలివారు జడియుదురు. కోతలు ముగియనిండని రైతు అనును. కూతురు పెండ్లి కానిండని తల్లి అనును. వారి భాషలో, వారి పక్కన కూర్చుండి, ఆలస్యమువలన ఏమి పోవునో చెప్పి, చేయిపట్టి తీసికొనిపోవుటయు వైద్యవిద్యలోని భాగమే. హైదరాబాదులో 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ సంగతిని ముందుగనే గ్రహించినది. సుమారు 50,000 జనాభాకు ఒక చిన్న నేత్ర కేంద్రము, దానిపై పెద్ద ఆసుపత్రులు, ఇట్లు మెట్లుమెట్లుగ ఏర్పాటు చేసి, పల్లె కేంద్రములలో ఆ ప్రాంతపు యువతీయువకులకే శిక్షణ నిచ్చి నిలిపినది. యంత్రము వచ్చినను ఆ కేంద్రములోని మనిషిని తొలగించుట కాక, ఆ మనిషి చేతికి దానిని అందించుటయే సరియైన మార్గము.

వాడని విద్య తుప్పుపట్టును

ఇందు మరియొక అపాయము కలదు. ఎల్లకాలము యంత్రముపై ఆనుకొన్నచో నిపుణుని చేతివాటమే తగ్గవచ్చును. పోలెండు దేశములో పెద్దప్రేగును గొట్టపు కెమేరాతో పరీక్షించు వైద్యులకు 2021 చివరనుండి కృత్రిమ మేధను తోడిచ్చిరి. పిదప అదే వైద్యులు యంత్రము లేకుండ చేసిన పరీక్షలను లెక్కించిరి. యంత్రము రాకముందు నూటికి 28.4 పరీక్షలలో ప్రమాదకరమగు కాయలను కనిపెట్టినవారు, యంత్రమునకు అలవాటుపడిన పిదప, అది లేనపుడు 22.4 పరీక్షలలో మాత్రమే కనిపెట్టిరి. ఈ ఫలితములు 2025లో ప్రకటింపబడినవి. ఒక్క పరిశీలననుబట్టి తుది నిర్ణయము చేయరాదుగాని, హెచ్చరికగ దీనిని స్వీకరింపవలయును. ఎక్కములు వల్లించుట మానినవానికి లెక్క తప్పుటలో వింతలేదు.

యంత్రమును సరిదిద్దుటకు నిపుణుడు కావలయును. నిపుణుడు కావలయునన్నచో యువకులు యంత్రము లేకుండ కూడ ఆ విద్యను నేర్చియుండవలయును. యంత్రము చేయుచున్నదిగదా యని ఒక తరము నేర్వకపోయినచో, తరువాతి యంత్రమునకు గురువులు ఉండరు.

రెండును కలిసినప్పుడు

కలిసి పనిచేసినచో ఎట్టి మేలు కలుగునో స్వీడను దేశము చూపినది. అచ్చట స్త్రీల రొమ్ము క్యాన్సరును ముందుగ కనిపెట్టుటకు తీసిన ఎక్స్‌రేలను ఇద్దరిద్దరు వైద్యులు చూచుట ఆచారము. 80,000 మందికి పైగా స్త్రీలను రెండు భాగములుగ చేసి, ఒక భాగమున పాత ఆచారమును, రెండవ భాగమున కృత్రిమ మేధ సాయమును అనుసరించిరి. యంత్రము అనుమానము తక్కువయన్న ఎక్స్‌రేను ఒక వైద్యుడు, ఎక్కువయన్నదానిని ఇద్దరు వైద్యులు చూచిరి. 2023లో ప్రకటించిన ఫలితములనుబట్టి వైద్యులు చూడవలసిన పని నూటికి 44 వంతులు తగ్గినది. పాత పద్ధతిలో 203 మందికి క్యాన్సరు బయటపడగా, క్రొత్త పద్ధతిలో 244 మందికి బయటపడినది. ఏ ఎక్స్‌రేయును వైద్యుని కన్ను పడకుండ పోలేదు. మిగిలిన కాలమును రోగులకు వినియోగింపవచ్చును.

కృత్రిమ మేధకు పితామహులలో ఒకరని పేరుపొంది, 2024లో నోబెలు బహుమతిని అందుకొన్న జెఫ్రీ హింటన్ మహాశయుడు, ఎక్స్‌రేలు చదువు వైద్యులకు ఇక శిక్షణ నిచ్చుట ఆపవలయునని 2016లో పలికెను. అయిదేండ్లలోనో, పదేండ్లలోనో యంత్రము వారిని మించునని ఆయన ఊహ. ఆ మాట విని లోకము ఆ శిక్షణను ఆపలేదు. ఆపియుండినచో యంత్రము ప్రక్కన కూర్చుండుటకు వైద్యులు క్రమముగ కరవగుదురు. యంత్రమును నిర్మించినవారి జోస్యమునైనను రోగి పడక ప్రక్కన నిలిపి చూడవలయును.

గ్రామములు చేయదగినది

పల్లెలవారికి దీనివలన తేలిన కర్తవ్యములు కొన్ని కలవు. షుగరు ఉన్నవారు చూపు బాగుగనున్నను ఏటేట రెటీనా పరీక్ష చేయించుకొనవలయును. శిబిరములో యంత్రము పరీక్షించినచో దానిని కాదనరాదు. కాని ఆ ఫలితమును ఏ వైద్యుడు చూచును, అనుమానమున్నచో ఎచ్చటికి పోవలయును అని అడిగి తెలిసికొనవలయును. యంత్రము బాగున్నదన్నను, చూపులో మార్పు తోచినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలయును. ఫోనులోని జవాబునుబట్టి మందు మానుటగాని, మోతాదు మార్చుటగాని కూడదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలను సిద్ధపరచుకొనుటకు ఆ జవాబును వాడుకొనుట మంచిదే.

చదువుకొను పిల్లలు యంత్రములకు జంకి చదువు మానరాదు. వైద్యము, న్యాయము, ఇంజనీరింగు, ఉపాధ్యాయత్వము, ఏది చేపట్టినను దాని మూలమువరకు నేర్వవలయును. యంత్రము చెప్పినదానిని తూచగలవానికే రేపు విలువ హెచ్చును. తూచలేనివానికి యంత్రము యజమాని యగును.

గ్రంథాలయమునకు ఇందులో గొప్ప పని ఉన్నది. ఒక విషయముపై ఒక్క జవాబుతో తృప్తిపడక, రెండు గ్రంథములు తెరచి పోల్చిచూచు అలవాటు ఇచ్చటనే కలుగవలయును. వ్రాసినదెవరు, ఎప్పుడు వ్రాసిరి, ఏ ఆధారముతో వ్రాసిరి అని అడుగు పాఠకుడు పుస్తకమునకును మోసపోడు, యంత్రమునకును మోసపోడు. ఆరోగ్య గ్రంథములను చేర్చి, సంవత్సరమున ఒక దినము నేత్రవైద్యుని పిలిపించి, ఈ ఆవరణయందే పరీక్షలును ప్రశ్నోత్తరములును జరిపించినచో, అది ఈ రజతోత్సవమునకు తగిన జ్ఞాపకచిహ్నమగును. చూపు ఉన్ననాడే గదా పుస్తకము!

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక. ఈ ఊరి పిల్లలు యంత్రములకు గురువులగుదురుగాక.